గ్లాసెడంటే ఎంత?

మా ఇంట్లో స్టీలు గ్లాసులన్నిటి మీదా పేర్లుంటాయి. సన్నటి చుక్కలతో కొట్టించినవి. ఒకదాని మీద మా అవ్వ పేరు, ఇంకొకదాని మీద మేనత్త పెళ్లి తేదీ, మరొకదాని మీద ఎవరి గృహప్రవేశానికి పంచారో ఆ దంపతుల పేర్లు. ఎవరిచ్చారు, ఎప్పుడిచ్చారు, ఎందుకిచ్చారు అన్న సంగతులన్నీ ఆ చుక్కల్లో దొరుకుతాయి. గ్లాసులో ఎంత పడుతుందన్నది మాత్రం ఎక్కడా ఉండదు. నందికొట్కూరులో మాకు ఆ అవసరం ఎప్పుడూ రాలేదు.

అవసరం డల్లాస్ నుంచి వచ్చింది. అక్కడ చదువుకుంటున్న మా అక్క కూతురు ఒక ఆదివారం ఫోన్ చేసింది. రాగిపిండి దొరికిందట, సంగటి కెలకాలట.

"అవ్వా, నీళ్లు ఎన్ని పోయాల?"

"ఒగ గ్లాసు బియ్యానికి నాలుగు గ్లాసులు పొయ్యి మా. బియ్యం మెత్తగ ఉడికినాక రాగిపిండి గ్లాసున్నర."

"గ్లాసంటే ఏ గ్లాసు? ఇక్కడ అన్నీ కప్పుల లెక్కే. కప్పంటే రెండునూర్ల నలభై ఎమ్మెల్ అంటారు."

"ఏదైతే ఏమి? బియ్యం దేంతో పోస్తే నీళ్లూ దాంతోనే పొయ్యి."

మా అమ్మ తేలిగ్గా అనేసిన ఆ మాట గురించి నేను చాలా రోజులు ఆలోచించాను. మన వంటలో సగానికి పైగా ఈ ఒక్క సూత్రం మీదే నడుస్తుంది. ఇడ్లీకి పప్పు ఒకటికి రవ్వ రెండు. ఉప్మాకి రవ్వ ఒకటికి నీళ్లు రెండున్నరో మూడో. అన్నానికి ఒకటికి రెండు. వీటిలో లీటరూ లేదు, మిల్లీలీటరూ లేదు. చిన్న గ్లాసుతో కొలిస్తే ముగ్గురికి వస్తుంది, పెద్ద చెంబుతో కొలిస్తే ముప్పై మందికి వస్తుంది. రుచి మారదు. కొలత పాత్రలో లేదు, పాళ్లలో ఉంది. ఆ పాళ్లు కూడా చేతికి తెలియాల్సినవే. కేసీ కాలువ కింద పండిన సోనా బియ్యం కొత్తవైతే నీళ్లు తగ్గించాలి, ఏడాది నిలవున్నవైతే పెంచాలి. ఇది ఏ కప్పు మీదా రాసి ఉండదు.

మరి ఉప్పెంతని అడిగింది పిల్ల. "ఒగ చెంచా" అంది మా అమ్మ.

అక్కడే తెగింది. ఆ పిల్ల బియ్యం కొలిచింది కాఫీ తాగే పెద్ద మగ్గుతో. మగ్గు పెద్దదైంది, సంగటి ఎక్కువైంది, చెంచా మాత్రం చెంచాగానే ఉండిపోయింది. రాత్రికి మళ్లీ ఫోన్. ఉప్పు చాలలేదు.

పాళ్లతో నడిచే వంటలోకి పాళ్లకు లొంగనిది ఒక్కటి వచ్చినా కొలత కావాల్సి వస్తుంది. చెంచా ఉప్పు అలాంటిది. కోడిగుడ్డు అలాంటిది. కేకు పోసే గిన్నె, అర లీటరు పాల పాకెట్టు, మందుల పొట్లం, పాలపిండి డబ్బాలో ఉండే చిన్న ప్లాస్టిక్ గరిటె, అన్నీ అలాంటివే. అప్పుడు నీ గ్లాసు ఎంత అన్న ప్రశ్నకు జవాబు తప్పదు.

ఎడు అనే చిన్న ముక్క

తెలుగులో ఏ పాత్రనైనా కొలతగా మార్చే ప్రత్యయం ఒకటుంది. చెంబు చివర 'ఎడు' చేరిస్తే చెంబెడు. గరిటెడు, ముంతెడు, కడివెడు, గంపెడు, బండెడు. పాత్ర లేకపోతే ఒళ్లే పాత్ర. చిటికెడు, పిడికెడు, చారెడు, దోసెడు, గుక్కెడు. చివరికి మనసులో ఉన్నదాన్ని కూడా దీంతోనే కొలిచాం. గంపెడాశ అన్నాం, పుట్టెడు దుఃఖం అన్నాం.

ఆ పుట్టి ఎంతో లెక్క కట్టి చూస్తే ఆ మాట బరువు తెలుస్తుంది. పాత లెక్కలో రెండు గిద్దెలు అరసోల. రెండు అరసోలలు సోల. రెండు సోలలు తవ్వ. రెండు తవ్వలు మానిక. రెండు మానికలు అడ్డ. రెండు అడ్డలు కుంచం. రెండు కుంచాలు ఇరస. రెండు ఇరసలు తూము. అయిదు తూములు ఏదుము, పది తూములు పందుము, ఇరవై తూములు పుట్టి. అంటే పుట్టికి 1,280 సోలలు, 5,120 గిద్దెలు. మా సీమలో వీటితో పాటు పడి, శేరు, బళ్ళ కూడా నడిచాయి. కడపలో పనిచేసిన బ్రౌన్ దొర 1852లో అచ్చయిన తెలుగు-ఇంగ్లిషు నిఘంటువులో సోల, తవ్వ, మానిక వంటి మాటలకు అర్థాలు చూడొచ్చు. కళ్లంలో గింజలు కొలిచేటప్పుడు మొదటి కొలతను 'ఒకటి' అనేవాళ్లు కారు, 'లాభం' అనేవాళ్లు. లాభం, రెండు, మూడు. ఆ గొంతు విన్నవాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు. వాళ్లు ఉండగానే ఆ లెక్కలు అడిగి రాసుకోవాలని నా ఆశ.

ఈ వరస చూస్తే ఒక విషయం కొట్టొచ్చినట్టు కనబడుతుంది. గిద్దె నుంచి తూము దాకా అన్నీ రెట్టింపులే. అమెరికా వాళ్ల వరస చూసినా అంతే. రెండు కప్పులు ఒక పింటు, రెండు పింట్లు ఒక క్వార్టు, నాలుగు క్వార్టులు ఒక గ్యాలను. ఎక్కడో ఉన్నవాళ్లు, మనతో ఏ పొత్తూ లేనివాళ్లు, ఇదే దారి పట్టారు. కారణం చేతిలోనే ఉంది. నూనెనో పాలనో రెండు ఒకేలాంటి గిన్నెల్లో సమానంగా పోయడం కంటితో అయ్యే పని. పదో వంతు చేయడం కంటితో కాదు. మెట్రిక్ వచ్చాక కూడా మనం లీటరును అర లీటరు, పావు లీటరు అని సగాలు చేసుకుంటూనే ఉన్నాం. పాలు పోసే మనిషిని 'ఒక డెసీలీటరు పొయ్యి' అని అడిగినవాళ్లను నేను చూడలేదు.

అయితే ఆ పాత వరసలో ఒక పెద్ద చిక్కుంది. పేర్లు ఒకటే, పాత్రలు ఒకటి కావు. ఈ ఊరి పడికీ ఆ ఊరి పడికీ పొంతన ఉండేది కాదు. గింజలకైతే రాశి నిలిచేలా కొలవడం వేరు, అంచుకు చేత్తో సరిచేసి కొలవడం వేరు. ఆ తేడాలో నష్టపోయింది ఎక్కువగా అప్పు తీర్చే రైతూ, గింజల కూలీకి పోయిన ఆడమనిషీ. అందుకే మెట్రిక్ కొలతలు వచ్చినందుకు నేను సంతోషిస్తాను. 1956లో దేశమంతటికీ ఒకే తూనికలు కొలతల చట్టం వచ్చింది. 1957 ఏప్రిల్ 1న రూపాయికి నూరు నయాపైసలు వచ్చాయి. 1958 అక్టోబరులో కిలో రాళ్లు మొదలై, 1962 నాటికి దశలవారీగా దేశమంతా మారింది. ఎనభై తులాల శేరు, అంటే మన లెక్కలో 933 గ్రాములు, అంగడి నుంచి వెళ్లిపోయింది. పాలు కొలిచే లీటరు డబ్బాకు ప్రభుత్వ ముద్ర వచ్చింది.

ముద్ర అంగడి దాకా వచ్చి ఆగింది, వంటింట్లోకి రాలేదు. లీటరు లెక్కన కొనుక్కొచ్చి గ్లాసు లెక్కన వండుకుంటున్నాం. ఆ రెంటి మధ్య వంతెన ఎవరింట్లో వాళ్లే కట్టుకోవాలి.

కప్పు ఎవరిది

ఇప్పుడు వంటల పుస్తకాల్లోనూ వీడియోల్లోనూ 'ఒక కప్పు' అంటుంటే అది ఒకే కప్పు అనుకుంటాం. కాదు. అమెరికా కప్పు 236.6 మిల్లీలీటర్లు. ఆహార పొట్లాల మీద రాసే లెక్కకు వాళ్లే దాన్ని 240కి సర్దుకుంటారు. ఆస్ట్రేలియా కప్పు 250. జపాన్ వంట పుస్తకాల కప్పు 200. పాత ఇంగ్లిషు పుస్తకాల్లో కప్పంటే అర పింటు, 284 దాకా ఉంటుంది. అమెరికాకు, ఇంగ్లండుకు మధ్య ఈ తేడా 1824లో పడింది. ఆ ఏడాది బ్రిటన్ కొత్త గ్యాలను పెట్టుకుంది. అమెరికా మాత్రం క్వీన్ ఆన్ కాలపు 231 ఘనపుటంగుళాల పాత ద్రాక్షసారా గ్యాలనునే అట్టిపెట్టుకుంది. ఆ గ్యాలనులో పదహారో వంతు అమెరికా కప్పు. డల్లాస్‌లో మా పిల్ల చేతిలో ఉన్నది మూడు వందల ఏళ్ల నాటి లండను సారా కొలతలో ముక్క.

మన ఇళ్లలోనే ఇంకో కప్పుంది. కరెంటు రైస్ కుక్కరుతో వచ్చే చిన్న ప్లాస్టిక్ కప్పు. అది చాలావాటిలో 180 మి.లీ. ఉంటుంది. జపాన్‌లో బియ్యం కొలిచే 'గో' అనే పాత కొలత అది. 1955లో తోషిబా కంపెనీ అమ్మకానికి తెచ్చిన కుక్కరు వెనకే ఆ కొలత కూడా లోకమంతా తిరిగింది. కుక్కరు గిన్నె లోపల గీసిన గీతలు ఆ కప్పు లెక్కకే గీస్తారు. కప్పు పోగొట్టుకుని స్టీలు గ్లాసుతో బియ్యం పోసి, నీళ్లు గీత దాకా పోస్తే అన్నం పలుకుగా మిగులుతుంది. కుక్కరు బాగాలేదని తిడతాం. తప్పు కుక్కరుది కాదు, గ్లాసుది.

ఒక ఆదివారం మధ్యాహ్నం నేను మా ఇంటి గ్లాసులన్నీ దింపి కొలిచాను. పద్ధతి చాలా సులువు. వంటింటి త్రాసు ఉంటే ఖాళీ గ్లాసును దాని మీద పెట్టి సున్నా చేయాలి. నిండా నీళ్లు పోయాలి. ఎన్ని గ్రాములు చూపితే అన్ని మిల్లీలీటర్లు. ఇది కాకతాళీయం కాదు. ఫ్రాన్సులో 1790లలో కిలోగ్రామును పెట్టినప్పుడే లీటరు నీళ్ల బరువునే కిలో అన్నారు. మన ఎండలకు నీళ్లు కాస్త వ్యాకోచిస్తాయి. నలభై డిగ్రీల దగ్గర పావు లీటరుకు రెండు మిల్లీలీటర్ల తేడా వస్తుంది, దాన్ని వదిలేయవచ్చు. త్రాసు లేకపోతే పసిపిల్లల పాలసీసా చాలు, దాని మీద మిల్లీలీటర్ల గీతలుంటాయి. అదీ లేకపోతే లీటరు నీళ్ల సీసా. అది ఎన్ని గ్లాసులకు వస్తుందో చూసి వెయ్యిని ఆ సంఖ్యతో భాగిస్తే సరి.

మా ఇంట్లో టీ గ్లాసు 110 వచ్చింది. మేనత్త పెళ్లి గ్లాసు 190. అవ్వ పేరున్నది 210. గృహప్రవేశం గ్లాసు 310. నలభై ఏళ్లుగా ఈ నాలుగింటినీ మేము 'గ్లాసు' అనే ఒకే మాటతో పిలిచాం. అలవాటుగా అమ్మ చెయ్యి అవ్వ గ్లాసు మీదికే పోతుంది కాబట్టి ఇన్నాళ్లూ నడిచింది. మా చెల్లెలు వండితే ఎందుకు తేడా వస్తుందో ఆ రోజు అర్థమైంది. ఆమె గృహప్రవేశం గ్లాసు తీసుకుంటుంది.

ఒక్కసారి మీ గ్లాసు సంఖ్య తెలిస్తే మిగతాదంతా నోటిలెక్క. 240 కప్పు కావాలంటే అవ్వ గ్లాసు నిండా ఒకసారి, పైన 15 మి.లీ. పట్టే పెద్ద చెంచాతో రెండు. లీటరంటే నాలుగు గ్లాసుల ముప్పాతిక. 240 కప్పుతోనే చూస్తే లీటరు నాలుగు కప్పులు, పైన 40 మి.లీ. అర లీటరు రెండు కప్పులు, పైన 20. పావు లీటరు ఒక కప్పు, పైన రెండు చిన్న చెంచాలు. ముప్పాతిక కప్పు 180, అంటే కుక్కరు కప్పే. చెంచాల్లోనూ ఒక జాగ్రత్త ఉంది. చిన్నది 5, పెద్దది 15. ఆస్ట్రేలియా పుస్తకం చూసి వండితే పెద్ద చెంచా 20.

నీళ్లకు గ్రామూ మిల్లీలీటరూ ఒకటే కదా అని అన్నిటికీ అలాగే అనుకుంటే దెబ్బతింటాం. అదే 240 కప్పులో నూనె 220 గ్రాములకు కాస్త లోపే తూగుతుంది. చక్కెర 200 దగ్గర, గోధుమపిండి 120, 130 మధ్య, తేనె 340 దగ్గర. వేరుశనగ పండే ఈ ప్రాంతంలో నూనె సంగతి అందరికీ పనికొచ్చేది. లీటరు నూనె 910 గ్రాముల దగ్గర ఉంటుంది. గానుగ దగ్గర కిలో లెక్కన కొంటే దాదాపు 1,100 మి.లీ. వస్తుంది. ఒకచోట కిలో ధర, ఇంకోచోట లీటరు ధర ఒకటే చెబితే రెండూ సమానం కావు. పైగా నూనె వేడికి పొంగుతుంది. లీటరు సోయా నూనె 21 డిగ్రీల దగ్గర 919 గ్రాములుంటే, 60 డిగ్రీల దగ్గర 892.6 గ్రాములే. నింపేటప్పటి వేడి రాసి బరువు తగ్గించే వీలు లేకుండా, ఉష్ణోగ్రతతో పనిలేకుండా నికర పరిమాణం ముద్రించమని 2022 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ నూనె కంపెనీలకు చెప్పింది కూడా.

ప్రాణం మీదికొచ్చే గ్లాసు

వంటలో తప్పితే సంగటి చప్పగా ఉంటుంది, అంతే. తప్పకూడని చోటు ఇంకొకటుంది.

మా సీమ ఎండలకు మే నెలలో ఏదో ఒక ఇంట్లో పిల్లవాడికి విరేచనాలు పట్టుకుంటాయి. మా తమ్ముడి కొడుక్కి అలాగే అయింది. ఇంట్లో ఓఆర్‌ఎస్ పొట్లం ఉంది. దాన్ని తీసుకుని నిండా ఒక గ్లాసు నీళ్లలో కలిపేశారు. కలిపింది నేనే అయ్యుండొచ్చు, ఆ హడావిడిలో ఎవరం గమనించలేదు. పిల్లవాడు ఒక గుక్క తాగి ఉమ్మేశాడు. ఆశా కార్యకర్త వచ్చి పొట్లం వెనక చూపించి, "లీటరు నీళ్లలో అన్నా, గ్లాసులో కాదు" అని పారబోయించింది. ఆమె రాకపోతే మేము బలవంతంగా తాపేవాళ్లం. అది తలచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

పెద్ద పొట్లంలో ఇరవై గ్రాములకు కాస్త పైగా పొడి ఉంటుంది. 2002 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ చెబుతున్న పాళ్లలో ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5, పొటాషియం క్లోరైడు 1.5, ట్రైసోడియం సిట్రేటు 2.9. ఇవన్నీ లీటరు నీళ్లకు. నీళ్లు తక్కువైతే ఒంట్లో ఉప్పు పెరిగి పిల్లలకు ప్రమాదం. నీళ్లు ఎక్కువైతే మందు పలచబడి పని చేయదు. 200 మి.లీ.కు కలిపే చిన్న పొట్లాలు కూడా దొరుకుతాయి కాబట్టి ముందు పొట్లం వెనక చదవాలి. పొట్లమే లేకపోతే లీటరు శుభ్రమైన నీళ్లలో చిన్న చెంచాతో అంచుకు సరిచేసి ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. కలిపింది ఒక రోజు దాటితే పారబోయాలి. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులతో నిండిన బనగాఁవ్ శిబిరంలో కలరా వచ్చినప్పుడు, సెలైను చాలక డాక్టర్ దిలీప్ మహలనబిస్ పీపాల్లో ఇలాంటి ద్రావణాన్నే కలిపించి, చుట్టాల చేతికే కప్పులిచ్చి తాగించమన్నారు. ఆ శిబిరంలో చావులు బాగా తగ్గాయి. డాక్టరు చేతిలోని కొలతను అమ్మ చేతిలోకి తేవడమే అక్కడ జరిగిన పెద్ద పని. ఇంట్లో అమ్మకు లీటరంటే తన గిన్నెలో ఎంత లోతో తెలియాలి. మా ఇంట్లో ఇప్పుడొక స్టీలు చెంబుంది. దాని లోపల లీటరు దగ్గర మేకుతో గీత గీశాను. దాన్ని ఇంక దేనికీ వాడం.

నీళ్ల కొలత మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి చెప్పాలి. నందికొట్కూరు నుంచి కాస్త దూరంలోనే, కాలువలకు నీళ్లు వదిలే పోతిరెడ్డిపాడు ఉంది. 44 వేల క్యూసెక్కులు, ఇన్ని టీఎంసీలు అని పత్రికల్లో రోజూ చదువుతాం. వంటింట్లో లీటరు, కాలువలో ఘనపుటడుగు. క్యూసెక్కంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, 28.3 లీటర్లు. 240 కప్పుతో చూస్తే సెకనుకు 118 కప్పులు. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, అంటే 2,831 కోట్ల లీటర్లకు పైమాట. దేశంలో 140 కోట్ల మందికి పంచితే మనిషికి ఇరవై లీటర్లు, రోజుకు రెండు లీటర్లు తాగితే పది రోజుల నీళ్లు. బిందెలు వరసలో పెట్టి ట్యాంకరు కోసం కాచుకున్నవాళ్లకు ఈ అంకె గ్లాసుల్లో చెబితేనే తగులుతుంది. టీఎంసీల గొడవలో ఎవరెన్ని గ్లాసులు వదులుకుంటున్నారో జనానికి తెలిసేలా మాట్లాడేవాళ్లు కావాలని నేను నిజంగా కోరుకుంటున్నాను.

పోయిన నెల మా అమ్మ అవ్వ గ్లాసును తీసుకుని స్టీలు సామాన్ల అంగడికి బయల్దేరింది. పేర్లు కొట్టే మిషను అక్కడుంది. ఎవరి పేరు కొట్టించాలని అంగడి అబ్బాయి అడిగితే, పేరు ఉంది, దాని కింద అంకె కొట్టమంది. ఏం అంకెమ్మా, పెళ్లి తేదీనా అన్నాడు. కాదని కాగితం మీద రాసిచ్చింది. ఇంటికొచ్చి డల్లాస్‌కు ఫోన్ కలిపింది.

"మీ ముత్తవ్వ గ్లాసు రెండునూర్ల పది మా. రాసుకో. చెంచా ఉప్పు చెప్పింది దానికి."